బోరు నీళ్ళు తిన్న మానిఫోల్డు, దాంతో వచ్చిన సెన్సర్ల గొడవ

పోయిన వారం నేను పెట్టిన ఫొటో చూసి చాలామంది ఫోన్లు చేశారు. చెదలు తిన్న కొయ్యలాగా ఉన్న ఆ అల్యూమినియం ముక్క ఏంటి, బోరు మోటారు ఇంపెల్లరా అని అడిగారు. కాదండీ, అది మా మారుతి 800 కారు ఇంటేక్ మానిఫోల్డు. దాన్ని అలా తిన్నది మా బోరు నీళ్ళు. పోసింది నేనే, పన్నెండేళ్ళపాటు, నా చేత్తో. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పలేక ఇక్కడ రాస్తున్నా. పెద్ద పోస్టే, రాత్రి తీరిగ్గా చదువుకోండి.

బండి 2005 మోడలు, 2012లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. కంపెనీ వాళ్ళు ఈ 800 తయారీ 2014 జనవరిలోనే ఆపేశారు. అమ్మేయమని మా వాడు ఎప్పటినుంచో పోరుతున్నాడు. అమ్మితే పాతిక వేలు కూడా రావు, కొత్తది కొనే స్తోమత ఈ ఏడు లేదు. పైగా మా అమ్మకి మంగళవారం, శుక్రవారం బెజవాడలో డయాలసిస్. బస్సులో తీసుకెళ్తే వచ్చేటప్పుడు ఆవిడ కూర్చోలేదు. అద్దె కారంటే వారానికి రెండు ట్రిప్పులు, లెక్క మీరే వేసుకోండి. కాబట్టి ఈ డొక్కు బండి తిరగాలి, అంతే.

గొడవ సంక్రాంతి వెళ్ళాక మొదలైంది. రేడియేటర్లో నీళ్ళు వారానికి లీటరు చొప్పున తగ్గుతున్నాయి. కింద చుక్క పడదు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే తెల్లటి పొగ, ఒక సిలిండరు మిస్సింగ్. మా దగ్గర మెకానిక్ ముందు హెడ్ ప్యాకింగ్ అన్నాడు. హెడ్ దింపితే తొమ్మిది వేలు దాకా అవుతుందన్నాడు. కానీ ఆయిలు గేజీ తీసి చూస్తే ఆయిలు మజ్జిగలాగా కాలేదు, మామూలుగానే ఉంది. మూడు ప్లగ్గులూ తీయించా. రెండు మామూలుగా ఎర్రమట్టి రంగులో ఉన్నాయి, మూడోది మాత్రం ఎవరో కడిగి పెట్టినట్టు తళతళలాడుతోంది. ఆ సిలిండర్లోకి నీళ్ళు పోతున్నాయి, ఆవిరై ప్లగ్గుని కడుగుతున్నాయన్నమాట. హెడ్ జోలికి పోకముందు మానిఫోల్డు ఒక్కటి విప్పి చూద్దామన్నాడు. ఆ మాట అన్నందుకు అతనికి దణ్ణం పెట్టాలి.

విప్పాక చూస్తే నోట మాట రాలేదు. నీళ్ళు తిరిగే దారికీ గాలి వెళ్ళే దారికీ మధ్య ఉన్న గోడ వేలి మందం ఉండాల్సింది, ఒక చోట బొక్క పడి అవతల వెలుతురు కనిపిస్తోంది. ప్యాకింగ్ కూర్చునే ముఖమంతా గుంటలు. స్క్రూడ్రైవరుతో గీరితే తెల్లటి పొడి రాలుతోంది.

తెలియనివాళ్ళ కోసం మానిఫోల్డు అంటే ఏంటో చెప్తా. మనకు తెలిసిన భాషలో అది కాలువ చివర పంట బోదెలు చీలే చోటు. ఎయిర్ ఫిల్టర్లోంచి గాలి వస్తుంది. థ్రాటిల్ అనేది తూము షట్టరు, మన కాలు యాక్సిలరేటరు మీద పెడితే అది తెరుచుకుంటుంది. షట్టరు దాటిన గాలి మూడు బోదెలుగా చీలి మూడు సిలిండర్లకి పోతుంది. ఆ చీలే ముక్కే మానిఫోల్డు. మా 800లో దానిలోంచే ఇంజను వేడి నీళ్ళు కూడా పోతాయి. థర్మోస్టాట్ కూర్చునేది దాని మీదే, నీళ్ళ వేడి చూసే సెన్సర్లు బిగించేది దానికే.

మా ఊరు దివిసీమ వైపు. పులిగడ్డ అక్విడక్టు దాటి కేఈబీ కాలువ నీళ్ళు వచ్చినన్నాళ్ళే మాకు తీపి నీళ్ళు. కాలువ కట్టేస్తే ఇక బోరే. ఆ నీళ్ళు కొబ్బరి చెట్టు తప్ప ఇంకేదీ ఒప్పుకోదు. చేలో పెడితే చౌడు దేలుతుందని తెలుసు, మోటారు ఇంపెల్లర్లు తింటుందని తెలుసు. అయినా ఇంటి దగ్గర కుళాయి తిప్పి చెంబుతో అవే నీళ్ళు రేడియేటర్లో పోశా. కూలెంటు లీటరు రెండొందలు పైనే, నీళ్ళు ఊరికే వస్తున్నాయి గదా అనుకున్నా. ఉప్పు నీళ్ళు అల్యూమినియాన్ని మామూలుగానే తింటాయి. అందులోనూ మా బండిలో బ్లాకు ఇనుము, హెడ్డూ మానిఫోల్డూ అల్యూమినియం. రెండు లోహాల మధ్య ఉప్పు నీళ్ళుంటే అది బ్యాటరీలాగా పనిచేసి మెత్తటి దాన్ని కరిగించేస్తుంది. కూలెంటులో గడ్డకట్టకుండా ఉండే మందు ఒక్కటే ఉంటుంది, మన ఎండలకి అదెందుకు అని నేనూ అనేవాణ్ణి. అందులో తుప్పు ఆపే మందు కూడా ఉంటుందని ఇప్పుడు తెలిసింది.

ఆర్గాన్ వెల్డింగ్ పెట్టిద్దామని అడిగితే వెల్డింగ్ అతను చూసి తిరిగి చేతిలో పెట్టాడు. ఆరోగ్యంగా ఉన్న లోహానికి అతుకు పడుతుంది గానీ, లోపలంతా పొడి అయిపోయినదానికి ఎక్కడ పట్టించాలి అన్నాడు. దాంతో ఆటోనగర్ బయల్దేరా.

బెజవాడ ఆటోనగర్ గురించి మనవాళ్ళకి కొత్తగా చెప్పేదేముంది. 1960ల్లో మొదలైన పేట, లారీ బాడీ కట్టించినా, ట్రాక్టరు క్రాంక్ గ్రైండింగ్ చేయించినా అక్కడికే పోతాం. పాత ప్యాకింగ్ అట్ట, పాడైన మానిఫోల్డు రెండూ గోనె సంచిలో వేసుకెళ్ళా. ఇది చాలా ముఖ్యం. నోటితో 800 అని అడిగితే మొదటి కొట్లో ఆల్టోది ఇచ్చాడు. ‘అదీ 796 సీసీయే అండీ, మూడు సిలిండర్లే, కళ్ళు మూసుకుని పడుద్ది’ అన్నాడు. అట్ట పెట్టి చూస్తే రంధ్రాలు కలవలేదు. ఆల్టో ఇంజనుకి 12 వాల్వులు, మా దానికి 6. గాలి దారులే వేరు. 800ల్లోనే 2000 ప్రాంతంలో 5 గేర్లతో వచ్చిన కొన్నిటికి 12 వాల్వుల ఇంజను ఉందని ఇంకో కొట్టు ఆయన చెప్పాడు. అందుకని బండి పేరు చెప్పి కొనకండి, అట్ట పెట్టి కొనండి.

నాలుగో కొట్లో దొరికింది. 1,500 రూపాయలు. థ్రాటిల్ బాడీతో సహా ఇచ్చాడు. ఎక్కడిది అంటే, ‘బుడమేరు బండి పెదనాన్నా’ అన్నాడు కుర్రాడు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు గండ్లు పడి సింగ్ నగర్, పాయకాపురం అంతా మునిగినప్పటి సంగతి మీకందరికీ గుర్తే. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చింది, మా లంకల్లో అరటి, పసుపు పోయింది. అక్కడ కార్లు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. వాటిల్లో బాగుపడనివి విడి భాగాలై ఇదిగో ఇలా కొట్లకి చేరాయి. ఎవరి ఇంటి ముందు నిలబడ్డ బండో. బేరం ఆడబుద్ధి కాలేదు గానీ, అలవాటు కొద్దీ ఆడా. వంద తగ్గించాడు.

ముఖం మీద స్టీలు స్కేలు నిలబెట్టి వెలుతురుకి చూశా, వంపు లేదు. నీళ్ళ దారి శుభ్రంగా ఉంది. ఒక్క తేడా మాత్రం కనపడింది. ఇంజను కంప్యూటరుకి నీళ్ళ వేడి చెప్పే సెన్సరు బిగించే రంధ్రం మా దానికంటే పెద్దది. లేతు మేస్త్రికి చూపిస్తే, ‘మర చెడిపోతే ఎవరో పెద్ద ట్యాపు వేశారు బాబాయ్, బుష్ వేసుకుంటే సరి’ అని అరగంటలో ఇత్తడి బుష్ తిప్పి ఇచ్చాడు. 150 రూపాయలు. సంతోషంగా ఇంటికొచ్చా.

సోమవారం సాయంత్రానికి మా మెకానిక్ ఎక్కించేశాడు. స్టార్ట్ అయింది. తెల్ల పొగ లేదు, మిస్సింగ్ లేదు. మంగళవారం తెల్లవారుజామున అమ్మని ఎక్కించుకుని కరకట్ట మీదుగా బయల్దేరా. రోడ్డు మీద పికప్ బాగుంది, పాటలు పెట్టుకుని వెళ్తున్నా. తోట్లవల్లూరు దగ్గర గొర్రెలు అడ్డమొచ్చి ఆగితే ఇంజను ఊగిపోతోంది. అద్దంలో చూస్తే నల్లటి పొగ. ‘ఒరేయ్, కిరసనాయిలు వాసనొస్తోంది రా’ అంది అమ్మ. యనమలకుదురు వచ్చేసరికి ట్రాఫిక్‌లో ఆగిన చోటల్లా ఆగిపోవడం, మళ్ళీ కాలు గట్టిగా తొక్కితేనే అందుకోవడం. వెనకాల ఆటోవాడు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఎలాగో ఆసుపత్రికి చేర్చా. వెళ్ళేటప్పుడు సగం ట్యాంకు ఉన్న పెట్రోలు ముల్లు వచ్చేసరికి పడుకుంది.

మర్నాడు మెకానిక్‌ని పిలిస్తే, సిస్టం పోయిందన్నాడు. అంటే ఇంజను కంప్యూటరు. పాతది తెచ్చి వేసినా ఎనిమిది వేలు. మా తమ్ముడి కొడుకు ఫోనుకి కలిపే స్కానరు తెచ్చాడు గానీ ఇంత పాత బండికి అది కలవలేదు. నేను ఆలోచించిందల్లా ఒకటే. నిన్నటి దాకా బాగున్న కంప్యూటరు, మనం తీసింది మానిఫోల్డు ఒక్కటే, మరి కంప్యూటరు ఎలా పోతుంది? చేలో కొత్త మందు కొట్టిన మర్నాడు ఆకు మాడితే మందునే అనుమానిస్తాం గానీ విత్తనాన్ని కాదు గదా.

మోటారు స్టార్టరు దగ్గర వాడుకునే మల్టీమీటరు తీశా. ఇంజనులో గాలి ఎంత పోతోందో కంప్యూటరుకి చెప్పేది మ్యాప్ సెన్సరు. మా బండిలో అది పక్కన బిగించి ఉంటుంది, సన్నటి రబ్బరు గొట్టంతో మానిఫోల్డు మీది ముక్కుకి కలుస్తుంది. మూడు వైర్లు. ఒకటి 5 వోల్టులు వచ్చేది, ఒకటి ఎర్తు, మూడోది కబురు చెప్పేది. ఇంజను ఆపి తాళం తిప్పి చూస్తే కబురు వైరులో 4 వోల్టులకి దగ్గరగా ఉంది, అది సరైనదే. స్టార్ట్ చేసి ఊరికే వదిలేస్తే ఒకటిన్నర దగ్గరికి పడిపోవాలి. పడలేదు. మూడున్నర పైనే నిలబడింది. కాలుతో కొంచెం రేస్ చేస్తే అప్పుడు పడుతోంది! లెక్క తలకిందులుగా ఉంది.

గొట్టం పీకి ఆ ముక్కు మీద వేలు పెట్టా. ఇంజను నడుస్తుంటే అది వేలిని జలగలా పట్టుకోవాలి. ఏమీ లాగడం లేదు. రేస్ చేస్తే లాగుతోంది. అప్పుడు లైటు వెలిగింది నాకు.

పాత రోజుల్లో మా లాకుల దగ్గర లస్కరు ఉండేవాడు. గేజీ చూసి నీళ్ళెంతున్నాయో కబురు చెప్పేవాడు. ఆ లస్కరు షట్టరుకి కింద ఉన్న గేజీ చూడకుండా పైన ఉన్న గేజీ చూసి చెప్పాడనుకోండి. షట్టరు మూసి ఉన్నా, ‘కాలువ నిండా నీళ్ళున్నాయి’ అంటాడు. ఇదీ అంతే. మెకానిక్ గొట్టం తగిలించిన ముక్కు థ్రాటిల్ షట్టరుకి అంచున, పై వైపు ఉంది. అది పెట్రోలు ట్యాంకు ఆవిర్లు లాగే గొట్టానికి పెట్టిన ముక్కు. షట్టరు మూసి ఉంటే దానికి బయటి గాలే తెలుస్తుంది. కంప్యూటరు పాపం ఏమనుకుంటుంది? గాలి నిండుగా వస్తోంది, బండి ఎత్తు ఎక్కుతోంది, పెట్రోలు పొయ్యండర్రా అనుకుంటుంది. షట్టరు కొంచెం తెరుచుకోగానే ఆ ముక్కు లోపలి వైపుకి వస్తుంది కాబట్టి రోడ్డు మీద బాగానే పోయింది.

మరి అసలు ముక్కు ఏది? మానిఫోల్డు మీదే, షట్టరుకి లోపలి వైపు, ఒక చిన్న మొండి ఉంది. మెకానిక్ అది మూసేసిన ముక్కు అనుకున్నాడు, ఎవరైనా అలాగే అనుకుంటారు. సైకిలు పుల్లతో గుచ్చితే గట్టిపడ్డ ఒండ్రు మట్టి రాలింది. బుడమేరు మట్టి. ఆరు నెలలు ఎండి సిమెంటు అయిపోయింది. మానిఫోల్డు మళ్ళీ దింపి లోపలి నుంచి కూడా శుభ్రం చేశాం, లేకపోతే ఆ మట్టి సిలిండర్లోకి పోయి గోడలు గీసేసేది. గొట్టం అసలు ముక్కుకి, ఆవిరి గొట్టం దాని ముక్కుకి మార్చి స్టార్ట్ చేస్తే 1.4 వోల్టులు. పొగ లేదు. రూపాయి నాణెం నిలబెట్టేంత కుదురుగా నడిచింది. ఎనిమిది వేలు మిగిలాయి.

ఇక్కడితో అయిపోయిందనుకున్నా. కానీ ఆ మంగళవారం వచ్చేటప్పుడు ఒక సంగతి గమనించా, పొగ కంగారులో పట్టించుకోలేదు. డాష్‌బోర్డు మీద వేడి ముల్లు వెళ్ళి వచ్చినంతసేపూ కింద సి అక్షరం దగ్గరే ఉంది. వాకిట్లో అరగంట ఊరికే నడిపి చూశా. పై గొట్టం చెయ్యి పెట్టలేనంత కాలుతోంది, ముల్లు లేవలేదు, రేడియేటరు ఫ్యాను తిరగలేదు. వెంటనే ఆపేశా. అమ్మ కూర్చుని ఉండగా బందరు రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఇంకో పావుగంట ఆగి ఉంటే హెడ్డు వంగిపోయేది, తొమ్మిది వేల బిల్లు ఖాయంగా వచ్చేది. అమ్మ గురించి ఆలోచించడం ఇష్టం లేదు.

వేడి చూసే సెన్సర్లు రెండు ఉంటాయండీ, చాలామందికి తెలియదు. ఒకటి ముల్లుకి, ఒంటి వైరుది. రెండోది కంప్యూటరుకి, రెండు వైర్లది. ముల్లు సంగతి తేలిగ్గానే తేలింది. ఒంటి వైరు సెన్సరుకి ఎర్తు దాని మర ద్వారానే అందాలి. మా మెకానిక్ నీళ్ళు కారకూడదని మరకి టఫ్లాన్ టేపు ఆరు చుట్లు చుట్టాడు. లోహానికి లోహం తగల్లేదు. టేపు పీకేసి మర చివర కొంచెం గమ్ము రాసి బిగిస్తే ముల్లు లేచింది.

కంప్యూటరుది మాత్రం తిప్పలు పెట్టింది. సెన్సరు పాడైందేమోనని బయటికి తీసి మరిగే నీళ్ళ గిన్నెలో ముంచి ఓములు చూశా. చల్లగా ఉన్నప్పుడు రెండున్నర వేలు దగ్గర ఉన్నది వేడెక్కేకొద్దీ తగ్గుతూ రెండొందలకి వచ్చింది. సెన్సరు శుభ్రంగా ఉంది. బండికి బిగించి, ఇంజను వేడెక్కి పై గొట్టం కాలుతున్నప్పుడు చూస్తే పదకొండు వందలు. అంటే నలభై డిగ్రీలు కూడా లేనట్టు చెప్తోంది. నీళ్ళేమో ఎనభై దాటేశాయి. ఇంజను చల్లగా ఉందని కంప్యూటరు అనుకుంటే ఫ్యాను వెయ్యదు, పెట్రోలు మాత్రం ఎక్కువ పోస్తుంది.

తప్పు బుష్‌ది. లేతు మేస్త్రి మర బాగానే కోశాడు గానీ బుష్ ఎత్తు ఎక్కువైంది. అగ్గిపుల్ల లోపలికి పెట్టి కొలిస్తే తెలిసింది. సెన్సరు మొన నీళ్ళలోకి దిగకుండా ఆ గొందిలోనే ఆగిపోయింది. పైన గాలి బుడగ, చుట్టూ కదలని నీళ్ళు. బావి గట్టు మీద కూర్చుని నీళ్ళ లోతు చెప్పినట్టు. గురువారం మళ్ళీ ఆటోనగర్ పరిగెత్తా. ఈసారి మానిఫోల్డూ సెన్సరూ రెండూ మేస్త్రి ముందు పెట్టా. ‘మొదటిసారే సెన్సరు తెచ్చి ఉంటే సరిపోయేది గదా బాబాయ్’ అన్నాడు, నిజమే. పాత రంధ్రం ఎలాగూ పెద్దది కాబట్టి పల్చటి గోడతో, ముఖానికి సమానంగా దిగిపోయే బుష్ తిప్పాడు. సెన్సరు మొన ఇప్పుడు నీళ్ళ దారిలోకి అర అంగుళం వస్తోంది. కింద రాగి వాషరు. ఇత్తడి, అల్యూమినియం పక్కపక్కన పెట్టాం కాబట్టి ఇక ఈ బండిలో ఉప్పు నీళ్ళు పోస్తే రెండేళ్ళు కూడా ఆగదని నవ్వుతూ చెప్పాడు. 200 తీసుకున్నాడు.

గురువారం రాత్రి పదకొండింటికి బిగింపు అయింది. నట్లు మధ్యవి ముందు, చివరివి తర్వాత, మూడు విడతలుగా బిగించాం. కూలెంటూ బ్యాటరీ నీళ్ళూ సగం సగం కలిపి, బండి ముందు చక్రాలు ఇటుకల మీదికి ఎక్కించి, మూత తీసే ఉంచి, బుడగలు ఆగేదాకా నడిపాం. చల్లటి ఇంజనుతో మొదలుపెట్టామండోయ్, వేడిగా ఉన్నప్పుడు మూత తీసేరు, మొహం కాలుద్ది. కాసేపటికి ఫ్యాను టక్కున తిరిగింది. ఆ చప్పుడు వినడానికి మా ఆవిడతో సహా అందరం వాకిట్లో నిలబడ్డాం. శుక్రవారం అమ్మ డయాలసిస్‌కి టైముకే చేరాం. వచ్చేటప్పుడు ఉయ్యూరు మీదుగా వచ్చాం, వెనక సీట్లో నిద్రపోయింది.

మానిఫోల్డు 1,400, బుష్‌లు 350, ప్యాకింగ్ 250, కూలెంటూ నీళ్ళూ 700, మజూరీ 1,300. మొత్తం నాలుగు వేలు. రెండుసార్లు ఆటోనగర్ వెళ్ళిన బస్సు ఛార్జీలు, తగలేసిన పెట్రోలు వేరే. మెకానిక్‌ని ఎవరూ ఏమీ అనకండి. అతను లేకపోతే నేను హెడ్డు విప్పించుకుని ఉండేవాణ్ణి.

నిన్న ట్రాక్టరు రేడియేటరు కింద మర విప్పి నీళ్ళు బకెట్లోకి వదిలా. టీ డికాషన్ రంగులో వచ్చాయి. నాలుక మీద చుక్క వేసుకుంటే ఉప్పగా ఉంది. మూడుసార్లు కడిగాక గానీ తేరలేదు. మీ బండ్లవి కూడా విప్పి చూసి ఏ రంగు వచ్చిందో కింద రాయండి. ఆ పాత మానిఫోల్డు మా చావిడి అరుగు మీద పెట్టా, ఇటు వచ్చినవాళ్ళు చూడొచ్చు.